మన వడ్ల లెక్క ఇంకా 1986 దగ్గరే ఉంది

నేను హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ రెగ్యులేటరీ విభాగంలో పనిచేస్తాను. మా ఊరు సూర్యాపేట వైపు, నాయిన ఇప్పటికీ వరి సాగు చేస్తాడు. మొన్న యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రంలో పోసి, కాంటా ఎప్పుడవుతుందా అని ఎదురుచూస్తూ ఫోన్ చేశాడు. పేపర్లో ఏదో వార్త చదివినట్టున్నాడు, "మన వడ్లకు మన సర్కారు ధర ఇస్తుంటే, నడుమ వద్దనేటందుకు ఆ జెనీవాల ఉన్నోళ్లెవరు?" అని అడిగాడు. నాయిన అంటున్నది జెనీవాలో ఉన్న డబ్ల్యూటీఓ, అంటే ప్రపంచ వాణిజ్య సంస్థ గురించి, మద్దతు ధర ఇచ్చి వడ్లు కొనడానికి దాని నిబంధనలు హద్దు పెడుతున్నాయి. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పే విషయం కాదది. నాయినకూ, ఇదే ప్రశ్న మనసులో ఉన్న మిగతావాళ్లకూ కలిపి ఇక్కడ రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు మందుల సంగతి చెప్తాను. వడ్ల విషయంలో మనల్ని ఇరికించిన ఒప్పందాల కట్టలోనే మందుల ఒప్పందం కూడా ఉంది, కానీ అక్కడ మనవాళ్లు వేరేలా పనిచేశారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే అసలు విషయం తెలుస్తుంది.

బాలానగర్ నుంచి జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు దాకా ఉన్న మందుల ఫ్యాక్టరీలన్నిటికీ ఐడీపీఎల్ పుట్టిల్లు అంటారు, నిజమే. 1961లో సోవియట్ సాయంతో పెట్టిన ప్రభుత్వ సంస్థ అది. అందులో పని నేర్చుకుని బయటికొచ్చిన చాలామంది తర్వాత సొంత కంపెనీలు పెట్టారు, డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి గారు కూడా అక్కడ పనిచేసినవారే. కానీ మంచి కెమిస్టులు ఉంటే సరిపోదు, వాళ్లు చేయబోయే పనికి చట్టం అడ్డు రాకూడదు కదా. ఆ దారి తెరిచింది 1970 పేటెంట్ చట్టం. మందుకు పేటెంట్ లేదు, దాన్ని తయారుచేసే పద్ధతికే ఉంది, అది కూడా ఏడేళ్లు మించదు అంది ఆ చట్టం. విదేశీ కంపెనీ ఒక పద్ధతిలో చేసిన మందును మనవాళ్లు ఇంకో పద్ధతిలో చేసి తక్కువ ధరకు అమ్మగలిగారు. ఈ రోజు ఆఫ్రికాలో, లాటిన్ అమెరికాలో, అమెరికాలో కూడా మందుల షాపుల్లో హైదరాబాద్ మందు దొరుకుతోందంటే దాని వెనకున్నది ఆ చట్టమే.

ఆ చట్టాన్ని మార్చక తప్పని పరిస్థితి ఉరుగ్వే రౌండ్‌తో వచ్చింది. 1986 సెప్టెంబర్‌లో ఉరుగ్వేలోని పుంటా డెల్ ఎస్తే అనే ఊళ్లో మొదలైన చర్చలవి. అప్పటిదాకా గాట్ అనే ఒప్పందం కింద ముఖ్యంగా సరుకుల సుంకాల గురించి మాట్లాడుకునేవాళ్లు. ఈసారి వ్యవసాయం, సేవలు, పేటెంట్లు అన్నీ కలిపి బల్ల మీద పెట్టారు. 1991 చివర్లో గాట్ అధిపతి ఆర్థర్ డంకెల్ ఒక ముసాయిదా విడుదల చేశాడు, డంకెల్ ప్రతిపాదనల మీద ఆ రోజుల్లో ఊరూరా మీటింగులు, ఊరేగింపులు జరిగిన సంగతి మన పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. చివరికి 1994 ఏప్రిల్‌లో మొరాకోలోని మరకేష్‌లో సంతకాలయ్యాయి, 1995 జనవరి 1న డబ్ల్యూటీఓ పుట్టింది. అందులో పెట్టిన షరతు ఏమిటంటే, కట్ట మొత్తానికి ఒప్పుకోవాలి, లేదా బయట ఉండాలి. బట్టల ఎగుమతికి మార్కెట్ కావాలన్నా, పేటెంట్ నిబంధనలు మింగాల్సిందే. బంగ్లాదేశ్‌కైనా, సెనెగల్‌కైనా, మనకైనా అదే షరతు.

పేటెంట్ల ఒప్పందం పేరు ట్రిప్స్. దాని ప్రకారం మందుకు కూడా 20 ఏళ్ల పేటెంట్ ఇవ్వాలి. అయితే మనలాంటి దేశాలకు 2005 దాకా గడువు దొరికింది. ఆ పదేళ్లలో మన దగ్గర జరిగిన పని నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. పార్లమెంటులో, బయటా, ఆరోగ్య సంఘాలు, లాయర్లు, వామపక్షాలు, దేశీయ కంపెనీలు ఒప్పందాన్ని వాక్యం వాక్యం చదివి, ఎక్కడ సందు ఉందో వెతికారు. పాత మందునే కాస్త రూపం మార్చి, చికిత్సలో కొత్త మేలేమీ లేకుండానే, ఇంకో 20 ఏళ్లు పేటెంట్ అడిగితే ఇవ్వనక్కర్లేదని 2005 సవరణలో సెక్షన్ 3(డి) పెట్టారు. బ్లడ్ క్యాన్సర్ మందు గ్లీవెక్ కోసం నోవార్టిస్ సుప్రీంకోర్టు దాకా వెళ్తే 2013 ఏప్రిల్ 1న కోర్టు ఆ సెక్షన్ ప్రకారమే పేటెంట్ నిరాకరించింది.

అంతకు ఏడాది ముందు, 2012 మార్చిలో, మన హైదరాబాద్ కంపెనీ నాట్కోకు దేశంలోనే మొదటి కంపల్సరీ లైసెన్స్ వచ్చింది. కిడ్నీ, లివర్ క్యాన్సర్లకు వాడే నెక్సావర్ అనే మందు అది, పేటెంట్ బేయర్‌ది. నెల మందుకు 2,80,000 రూపాయల పైనే అయ్యేది. నాట్కో 8,880 రూపాయలకు ఇస్తానంది, పేటెంట్ ఉన్న కంపెనీకి 6 శాతం రాయల్టీ కట్టాలన్నారు, తర్వాత దాన్ని 7 శాతం చేశారు. పేటెంట్ ఉన్నా సరే, జనానికి అందుబాటు ధరలో మందు దొరకకపోతే వేరేవాళ్లకు లైసెన్స్ ఇచ్చే హక్కు ప్రభుత్వానికి ఉంది, ఆ హక్కు ట్రిప్స్ ఒప్పందంలోనే రాసి ఉంది. నా పనిలో రోజూ ఈ సెక్షన్లతోనే వ్యవహారం కాబట్టి చెప్తున్నాను, ఆ ఒక్క పేరా ఒప్పందంలో లేకపోయుంటే నెక్సావర్ విషయంలో ఢిల్లీలో ఏ అధికారీ ఏమీ చేయగలిగేవాడు కాదు.

ఆ హక్కు వాడుకోవడానికి కూడా చాలా దేశాలకు ధైర్యం ఉండేది కాదు. ఎయిడ్స్ మందులు చవగ్గా తెచ్చుకోవడానికి దక్షిణాఫ్రికా చట్టం చేస్తే 39 కంపెనీలు ఆ ప్రభుత్వం మీద కేసు వేశాయి, ప్రపంచమంతా గగ్గోలు పుట్టాక 2001 ఏప్రిల్‌లో వెనక్కి తీసుకున్నాయి. ఏడాదికి 10,000 డాలర్ల పైన ఉన్న ఎయిడ్స్ మందుల కాంబినేషన్‌ను 350 డాలర్లకు ఇస్తానని సిప్లా ముందుకొచ్చింది కూడా అదే ఏడాది. ఆ నవంబర్‌లో దోహాలో జరిగిన మంత్రుల సమావేశంలో ఆఫ్రికా దేశాలు, మనమూ, బ్రెజిల్ కలిసి పట్టుబట్టి, ప్రజల ఆరోగ్యాన్ని కాపాడుకోవడానికి ట్రిప్స్ అడ్డు కాకూడదని ఒక ప్రకటన రాయించాం. పేద దేశాలు కలిసికట్టుగా కూర్చుని సాధించినవాటిలో నాకు తెలిసి ఇంత పెద్దది ఇంకోటి లేదు.

కోవిడ్ అప్పుడు మాత్రం అంత జరగలేదు. 2020 అక్టోబర్‌లో మనదేశం, దక్షిణాఫ్రికా కలిసి వ్యాక్సిన్లు, మందులు, టెస్టు కిట్ల మీద పేటెంట్లు కొంతకాలం ఆపమని అడిగితే, 2022 జూన్‌లో, అంటే అప్పటికే ఎన్ని లక్షల మంది పోయారో, వ్యాక్సిన్లకు మాత్రమే, అదీ సవాలక్ష షరతులతో ఒప్పుకున్నారు. హైదరాబాద్‌లో బయొలాజికల్ ఇ తయారుచేసిన కార్బెవ్యాక్స్‌కు టెక్సాస్ శాస్త్రవేత్తలు పేటెంట్ తీసుకోకుండానే పరిజ్ఞానం ఇచ్చారు. ఫ్యాక్టరీలు మన దగ్గర ఉన్నాయి, పనివాళ్లు ఉన్నారు, కావాల్సింది అలాంటి మనసు, దానికి తగ్గ నిబంధన.

ఇక వడ్లు. నాయిన అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడ మొదలవుతుంది.

మరకేష్ కట్టలోనే వ్యవసాయ ఒప్పందం కూడా ఉంది. ప్రభుత్వం రైతుకు ఇచ్చే సాయంలో ఏది వ్యాపారాన్ని దెబ్బతీస్తుంది, ఏది తీయదు అని అందులో విభజించారు. మద్దతు ధర పెట్టి కొనడం దెబ్బతీసే కోవలోకి వస్తుందన్నారు. మనలాంటి దేశాలు అలాంటి సాయాన్ని ఆ పంట మొత్తం విలువలో 10 శాతం మించకుండా చూసుకోవాలి. ఇంతవరకు చదివితే, పోనీలే, 10 శాతమంటే తక్కువేం కాదు కదా అనిపిస్తుంది. అసలు చిక్కు సాయాన్ని లెక్కగట్టే పద్ధతిలో ఉంది. ఈ ఏడాది మద్దతు ధరను ఈ ఏడాది మార్కెట్ ధరతో పోల్చరు. 1986 నుంచి 1988 దాకా ఉన్న అంతర్జాతీయ ధరల సగటుతో పోలుస్తారు. ఆ రిఫరెన్స్ ధరను ఒప్పందంలో మేకు కొట్టి బిగించేశారు. మన బియ్యానికి అది టన్నుకు సుమారు 262 డాలర్లు.

ఇప్పటి లెక్క వేద్దాం. 2025-26కు సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. మిల్లులో క్వింటాలు వడ్లు ఆడిస్తే ప్రభుత్వ లెక్క ప్రకారం 67 కిలోల పచ్చి బియ్యం రావాలి. అంటే టన్ను బియ్యం వడ్ల ఖర్చే 35,000 రూపాయల పైన, డాలర్లలో 400కు అటూఇటూ. 262తో పోలిస్తే మిగిలిన తేడా అంతా మన ప్రభుత్వం రైతుకు "ఇచ్చేసిన" సబ్సిడీ కింద రాసుకుంటారు. ఈ మధ్యలో డీజిల్ ధర, యూరియా ధర, నాటు కూలి, కోత మిషన్ కిరాయి ఎంత పెరిగాయో ఆ లెక్కకు సంబంధం లేదు. డాలర్ విలువే అప్పటితో పోలిస్తే సగానికి మించి పడిపోయింది, దానికీ సంబంధం లేదు. మార్కెట్ ధర మద్దతు ధరతో సమానంగా ఉండి, రైతుకు నిజంగా ఒక్క రూపాయి అదనంగా ముట్టకపోయినా కాగితం మీద మాత్రం సబ్సిడీ కనిపిస్తుంది.

ఈ పద్ధతిలోనే 2018-19 సంవత్సరానికి మన వరి సబ్సిడీ 11 శాతం దాటింది. ఆ ఏడాది 43.67 బిలియన్ డాలర్ల విలువైన బియ్యం పండితే అందులో 5 బిలియన్ డాలర్లు సాయం కింద లెక్కలోకి వచ్చింది. 10 శాతం గీత దాటామని 2020లో మన ప్రభుత్వమే డబ్ల్యూటీఓకు తెలియజేసి, పీస్ క్లాజ్ (గీత దాటినా కేసు వేయబోమని మిగతా దేశాలు ఇచ్చిన మాట, దాని సంగతి కింద చెప్తాను) కింద రక్షణ కోరింది. అలా కోరిన మొదటి దేశం మనదే. తర్వాతి ఏళ్లలోనూ దాటుతూనే ఉన్నాం.

ఇది డాలర్లలో, ప్రభుత్వం నిజంగా కొన్న ధాన్యానికి మాత్రమే వేసిన లెక్క. 2018 మేలో అమెరికా వేరే లెక్క పట్టుకొచ్చింది. రూపాయల్లో వేయాలంది, దేశంలో పండిన పంటంతటికీ వేయాలంది. 1986-88లో మన రిఫరెన్స్ ధర రూపాయల్లో టన్నుకు 3,520. అప్పుడు డాలర్‌కు 13 రూపాయల చిల్లర ఉండేది, ఇప్పుడు ఎంతో మీకు తెలుసు. అలా వేస్తే మన వరి సబ్సిడీ 70 శాతం దాటిపోయిందని వాదించారు. వాళ్లు లెక్క వేసింది అంతకు ముందటి ఏళ్లకు, అయినా అవే పొలాలు, అదే రైతు, లెక్క వేసేవాడు మారితే సబ్సిడీ శాతం ఇన్ని రెట్లు అవుతుంది. నాయిన లాంటివాళ్లు కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటిందా లేదా అని, తరుగు కింద బస్తాకు ఎంత తీస్తారో అని టెన్షన్ పడుతూ కూర్చుంటే, వాళ్ల చేతికి వచ్చే ధర మీద ఇంకో ఖండంలో ఇలాంటి వాదన నడుస్తోంది, ఆ సంగతి వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకొకటి. ఒప్పందం రాసేనాటికి ఎవరు ఎక్కువ సబ్సిడీలు ఇస్తున్నారో వాళ్లకు, కొంత తగ్గించుకుంటామన్న మాట మీద, ఆ 10 శాతం గీతతో (ధనిక దేశాలకైతే అది 5 శాతం) సంబంధం లేకుండా వేరే కోటా ఇచ్చారు. యూరప్‌కు దాదాపు 72 బిలియన్ యూరోలు, అమెరికాకు 19.1 బిలియన్ డాలర్లు. ఆ డబ్బంతా వాళ్లు కావాలంటే ఒకటి రెండు పంటల మీదే కుమ్మరించుకోవచ్చు. మనలాంటి చాలా దేశాలకు ఆ కోటా సున్నా, ఎందుకంటే అప్పట్లో ఇవ్వడానికి మన దగ్గర డబ్బు లేదు. అప్పటి పేదరికాన్నే హద్దుగా రాసి మన చేతికిచ్చారు.

పీస్ క్లాజ్ సంగతి కూడా చెప్పాలి, మన నాయకులు దాన్ని విజయంగా చెప్పుకుంటారు కాబట్టి. 2013 డిసెంబర్‌లో బాలి సమావేశంలో వచ్చింది అది. ఆహార భద్రత కోసం ధాన్యం నిల్వ చేసే దేశం గీత దాటినా కేసు వేయబోమని మిగతా దేశాలు ఇచ్చిన మాట. మొదట నాలుగేళ్లకే అన్నారు. 2014లో మనదేశం వేరే ఒప్పందాన్ని ఆపి మరీ పట్టుబడితే, శాశ్వత పరిష్కారం దొరికేదాకా ఉంటుందని ఆ నవంబర్‌లో రాశారు. ఆ పట్టుదలను నేను మెచ్చుకుంటాను. కానీ అది 2013 నాటికి ఉన్న పథకాలకే వర్తిస్తుంది, సంప్రదాయ ఆహార పంటలకే వర్తిస్తుంది, లెక్కలన్నీ సమర్పించాలి, నిల్వచేసిన ధాన్యం బయటి మార్కెట్‌ను చెడగొట్టకూడదు. రేపు కొత్త పథకం పెట్టాలంటే ఆ గొడుగు ఉండదు. శాశ్వత పరిష్కారం 2017కల్లా అన్నారు, బ్యూనస్ ఎయిరిస్‌లో రాలేదు, 2024లో అబుదాబిలోనూ రాలేదు.

ఇందులో మన వైపు కూడా ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. కాకినాడ నుంచి బియ్యం ఓడలు పశ్చిమ ఆఫ్రికాకు వెళ్తాయి, బెనిన్, సెనెగల్ లాంటి చోట్ల జనం ఆ బియ్యం తింటారు. 2023 జూలైలో ఇక్కడ ధరలు పెరుగుతున్నాయని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేశాం, 2024 సెప్టెంబర్ దాకా తెరవలేదు. వాళ్ల వంటింట్లో ఏమైందో మన టీవీల్లో చర్చకు రాలేదు. ఇంకో పక్క, మన చవక బియ్యం వల్ల తమ రైతులు నష్టపోతున్నారని థాయ్‌లాండ్ లాంటి వరి దేశాలు అంటున్నాయి. అభివృద్ధి చెందుతున్న దేశాలన్నీ ఒకే జట్టు అనుకోవడం తప్పు, ప్రపంచంలోకెల్లా ఎక్కువ బియ్యం అమ్మే దేశంగా మనకూ బాధ్యత ఉంది. మన రైతుకు ధర ఇచ్చే హక్కు కోసం కొట్లాడుతూనే, ఆ ధరకు కొన్న బియ్యం ఎగుమతికి వెళ్లనివ్వబోమని గట్టిగా రాసిస్తే మన వాదనకు బలం పెరుగుతుందని నా నమ్మకం.

అసలు ఇన్ని దేశాలు కూర్చునే చోట పేద దేశాల మాట చెల్లుతుందా అని అడిగితే, కలిసి కూర్చున్నప్పుడే చెల్లింది అంటాను. లోపల చిన్న గదిలో కొన్ని దేశాల్నే పిలిచి మాట్లాడే అలవాటు అక్కడ మొదటినుంచీ ఉంది, దాన్ని గ్రీన్ రూమ్ అంటారు, బయట నిలబడ్డ దేశాలకు తెల్లారాక కాగితం చేతికి వస్తుంది. 2003లో మెక్సికోలోని కాన్‌కున్‌లో మాత్రం బ్రెజిల్, మనమూ, చైనా, దక్షిణాఫ్రికా ఒక కూటమి కట్టి ధనిక దేశాల సబ్సిడీలు తగ్గిస్తేనే మిగతా మాటలు అన్నాయి. బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి, ఈ నాలుగు పేద దేశాలు అమెరికా పత్తి సబ్సిడీల వల్ల తమ రైతులు మునిగిపోతున్నారని పేరు పెట్టి అడిగాయి. ఆదిలాబాద్, వరంగల్ పత్తి రైతుకు ఆ నాలుగు దేశాల రైతులు చుట్టాల్లాంటివాళ్లే, ప్రపంచ ధర పడితే ఇద్దరి మార్కెట్ యార్డుల్లోనూ ధర పడుతుంది. ఆ పత్తి విషయం మీద బ్రెజిల్ కేసు వేసి గెలిచింది, అమెరికా చివరికి 2014లో బ్రెజిల్‌కు 300 మిలియన్ డాలర్లు ఇచ్చి కేసు ముగించుకుంది. ఆ నాలుగు దేశాలకు ఏమీ రాలేదు. 2008 జూలైలో జెనీవాలో చర్చలు విరిగిపోయింది కూడా రైతు దగ్గరే. దిగుమతులు ఒక్కసారిగా పెరిగితే సుంకం పెంచుకునే హక్కు ఎప్పుడు మొదలవ్వాలన్న దాని మీద, దిగుమతులు 40 శాతం పెరిగాకే అని అమెరికా, అంతదాకా ఆగితే మా రైతు మిగలడని మన వాణిజ్య మంత్రి కమల్‌నాథ్. అప్పుడు విదేశీ పత్రికలు మనల్ని తిట్టిపోశాయి. నా దృష్టిలో ఆ రోజు చేసింది సరైన పని.

ఎలక్ట్రానిక్స్ సంగతి ఒక్క ముక్కలో. 1997లో మనం ఐటీ ఉత్పత్తుల ఒప్పందంలో చేరి కంప్యూటర్లు, టెలికాం పరికరాల మీద సుంకం సున్నాకు తెస్తామని మాటిచ్చాం. మాదాపూర్ సాఫ్ట్‌వేర్‌కు చవక కంప్యూటర్లు దొరికాయి, ఇక్కడ హార్డ్‌వేర్ తయారు చేయాలనుకున్నవాళ్లు చితికిపోయారు. 2015లో రెండో విడత ఒప్పందం వస్తే మనం చేరలేదు.

ఇప్పుడు పరిస్థితి ఇంకా కష్టంగా ఉంది. తీర్పు చెప్పే పై కోర్టు లాంటి అప్పిలేట్ బాడీలో ఏడుగురు ఉండాలి, ఒక కేసు వినాలంటే ముగ్గురు కావాలి. అమెరికా కొత్తవాళ్ల నియామకాలు అడ్డుకుంటూ పోయింది, 2019 డిసెంబర్ నుంచి అది పనిచేయడమే లేదు. కింద ఓడినవాళ్లు పైకి అప్పీలు చేసి కూర్చుంటే కేసు అక్కడే ఆగిపోతుంది. చక్కెర సబ్సిడీ కేసులో, మొబైల్ ఫోన్ల సుంకం కేసులో మనం కూడా అదే చేశాం. ఇది నాకు నచ్చలేదు. అలాంటి వ్యవస్థ లేకపోతే ఎక్కువ నష్టపోయేది మనలాంటివాళ్లమే.

ఎందుకంటున్నానో రొయ్యల విషయం చూడండి. 1996లో అమెరికా, తాబేళ్లను కాపాడే వలలు వాడట్లేదని మన సముద్రపు రొయ్యల్ని ఆపేసింది. మనం, మలేషియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి కేసు వేశాం. అవును, మనమూ పాకిస్తానూ కలిసే. 1998 అక్టోబర్‌లో అప్పిలేట్ బాడీ తాబేళ్లను కాపాడాలన్న లక్ష్యం మంచిదే కానీ అమలు చేసిన తీరులో వివక్ష ఉందని చెప్పింది, అమెరికా తన నిబంధనలు మార్చుకుంది. 2025 ఆగస్టులో అదే అమెరికా మన సరుకుల మీద 50 శాతం అదనపు సుంకం వేసింది, ఈక్వెడార్‌కు మాత్రం 15 శాతం. భీమవరం రొయ్య, ఈక్వెడార్ రొయ్య అక్కడ ఒకే షాపులో అమ్ముడవుతాయి. ఒక దేశానికి ఒక సుంకం, ఇంకో దేశానికి ఇంకో సుంకం ఉండకూడదన్నది గాట్ మొదటి నిబంధన. దాన్ని చూపించి న్యాయం అడుగుదామంటే చివరిదాకా తీర్పు చెప్పేవాళ్లు లేరు. జనరిక్ మందుల్ని అప్పుడు ఆ సుంకం నుంచి మినహాయించారు కాబట్టి మా ఆఫీసులో ఊపిరి పీల్చుకున్నారు, గోదావరి జిల్లాల్లో రొయ్యల చెరువు కౌలు కట్టినవాళ్లకు ఆ అదృష్టం లేకపోయింది. అదే నెలలో మన ప్రభుత్వం పత్తి దిగుమతి మీద ఉన్న 11 శాతం సుంకం ఎత్తేసి, దాన్ని డిసెంబర్ చివరిదాకా పొడిగించింది. సరిగ్గా మన పత్తి మార్కెట్‌కు వచ్చే కాలం అది. అమెరికాతో జరిగే బేరంలో జెనీవా లేదు, బాలి లేదు, మన పక్కన నిలబడే బెనిన్ లేదు, ఒక్కరిమే కూర్చుని బేరమాడితే బేరం అలాగే ఉంటుంది.

నాయినా, నువ్వడిగినదానికి నా జవాబు ఇది. వద్దనే హక్కు వాళ్లకు వచ్చింది 1994లో మనం పెట్టిన సంతకం వల్ల. ఆ సంతకానికి ముందు నిన్నెవరూ అడగలేదు, మన రాష్ట్రాన్ని కూడా అడగలేదు. రాజ్యాంగం ప్రకారం వ్యవసాయం రాష్ట్రాల జాబితాలో ఉంది, కానీ 253 అధికరణం ప్రకారం విదేశీ ఒప్పందం అమలు చేయడానికి ఏ విషయం మీదైనా కేంద్రం చట్టం చేయొచ్చు. ఒప్పందం మీద సంతకం పెట్టడానికి పార్లమెంటు ఓటు కూడా తప్పనిసరి కాదు. మరకేష్ ఒప్పందాలను అమలు చేయడానికి అమెరికాలో కాంగ్రెస్ ఓటు వేసింది. మన దగ్గర క్యాబినెట్ అనుకుంటే చాలు.

మందుల విషయంలో 1995 నుంచి 2005 దాకా పదిమందీ ఒప్పందం చదివారు, కొట్లాడారు, చట్టంలో మార్పులు రాయించారు. వరికి అలా చదివినవాళ్లు తక్కువ, చదివినవాళ్లూ ఢిల్లీలోనే ఉండిపోయారు. శాశ్వత పరిష్కారం మీద చర్చ ఇంకా తేలలేదు కాబట్టి ఇప్పటికైనా చేయాల్సిన పని ఉంది. రిఫరెన్స్ ధరను 1986-88 నుంచి తీసి, గత కొన్నేళ్ల సగటు ధరకు మార్చాలని అభివృద్ధి చెందుతున్న దేశాలు చాలాకాలంగా అడుగుతున్నాయి. ఆ ఒక్క మార్పు జరిగితే మన వరి సబ్సిడీ లెక్క 10 శాతం గీతకు చాలా కిందికి వస్తుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలు రెండూ దీని మీద తీర్మానం చేసి కేంద్రానికి పంపొచ్చు, వరి పండించే రాష్ట్రాలుగా అడిగే హక్కు ఉంది. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, ఎకరం వరికి విత్తనం నుంచి కోత దాకా ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టగల ఆర్థికవేత్తలు అక్కడ ఉన్నారు. కొత్త రిఫరెన్స్ ధర పెడితే మన రాష్ట్రాలకు ఏమవుతుంది, పీస్ క్లాజ్ పోతే ఏమవుతుంది, సన్న వడ్లకు తెలంగాణ క్వింటాలుకు ఇచ్చే 500 రూపాయల బోనస్ ఆ లెక్కలో ఎక్కడ పడుతుంది అని వాళ్లతో ఒక నివేదిక రాయించాలి. తెలుగులో రాయించాలి. మంత్రుల సమావేశానికి మన బృందం బయల్దేరకముందే దాన్ని ప్రతి క్లస్టర్‌లో ఉన్న రైతు వేదికలో చదివి వినిపించి, రైతులు చెప్పింది రాసుకుని ఢిల్లీకి పంపాలి.